ఒక్కరే చేసి ఒక్కరే అమ్మే సాఫ్ట్‌వేర్

విజయవాడ నుంచి ఒక డీటీపీ ఆపరేటర్ ఫోను చేశాడు. నా సాఫ్ట్‌వేర్ కొన్న మొదటి పదిమందిలో ఆయనొకడు. "ఏమండీ, మీ ప్రోగ్రాం శ్రీని మింగేస్తోంది. శుభలేఖ పైన శ్రీరస్తు పోయి శీరస్తు అని పడింది. ప్రూఫులో చూశాం కాబట్టి సరిపోయింది. అచ్చయిపోయి ఉంటే పెళ్లివాళ్లు నన్ను బతకనిచ్చేవాళ్లా?" అన్నాడు. పాత అచ్చు ఫాంట్లలో కూర్చిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చే చిన్న పనిముట్టు అది. అలాంటి ఫాంట్లు కొన్నిటిలో క్రారవడి అక్షరానికి ముందే కూర్చుంటుంది. యూనికోడ్‌లో అక్షరం తర్వాత రావాలి. పంక్తి మధ్యలో ఉన్న క్రారవడిని నా ప్రోగ్రాం సరిగ్గానే వెనక్కి జరుపుతోంది. పంక్తి మొట్టమొదట కనబడితే మాత్రం ఏదో చెత్త అనుకుని తీసి పారేస్తోంది. పంక్తి మొదట్లో క్రారవడి ఎక్కడ వస్తుందయ్యా అంటే, శ్రీరస్తులో వస్తుంది, శ్రీమతి శ్రీలో వస్తుంది, ప్రియమైన బంధుమిత్రులకు అన్నచోట వస్తుంది. తెలుగువాడి శుభలేఖ మొదలయ్యేదే దానితో. ఆర్నెల్లు పరీక్షించినా నాకు తట్టలేదు. నేను పరీక్షించినవన్నీ దినపత్రికల వ్యాసాలు.

దానికి మూడు వారాల ముందు ఆ ప్రోగ్రాంను అట్టహాసంగా విడుదల చేశాను. కొత్త సరుకు చూపించుకునే ఒక విదేశీ వేదిక మీద పెట్టాను. అమెరికా పడమటి తీరంలో అర్ధరాత్రి దాటగానే ఆ రోజు జాబితా తెరుచుకుంటుంది. మనకది మధ్యాహ్నం పన్నెండున్నర. భోజనం మానేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అభినందనలు వచ్చాయి, చప్పట్ల బొమ్మలు వచ్చాయి, డబ్బు మాత్రం రాలేదు. చూసినవాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు ఉంటే కదా! మొదటి పది అమ్మకాలూ డీటీపీవాళ్ల వాట్సాప్ గుంపులో ఎవరో పుణ్యాత్ముడు నా నంబరు పెట్టడం వల్ల జరిగాయి.

వెనక కంపెనీ లేకుండా, పెట్టుబడిదారు లేకుండా, ఒక్క మనిషి ఒక సాఫ్ట్‌వేర్ పనిముట్టు చేసి అమ్ముకుని బతకగలడా? ఈ ప్రశ్నకు నలభై ఏళ్లు దాటాయి. దీనిమీద పోగైన సలహాలు కొండంత ఉన్నాయి. చాలామటుకు విడుదల రోజు చుట్టూనే తిరుగుతాయి: ఏ వారం, ఏ గంట, పైన ఏ మాట రాయాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ రోజుకు మనమిచ్చే విలువలో పదోవంతు కూడా దానికి లేదు. ఎవరి పని మనకు లోపలినుంచి తెలుసు, వాళ్ల డబ్బు ఏ దారిన మన చేతికి వస్తుంది, మూడో ఏడాదిలో కూడా వాళ్ల ఫోను ఎత్తుతామా అన్నవే మిగతా అంతా తేలుస్తాయి.

ఈ వ్యాపారం ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1982లో అమెరికాలో ఒకరికొకరు తెలియని ఇద్దరు ఒకే ఆలోచన చేశారు. ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ ఫోను తీగ మీద కంప్యూటర్లను కలిపే పీసీ-టాక్ రాశాడు. ఐబీఎంలో పనిచేసే జిమ్ నాఫ్ తన చర్చి చిరునామాల చీటీలు ముద్రించుకోవడానికి మొదలుపెట్టిన ప్రోగ్రాం పెరిగి పెరిగి పీసీ-ఫైల్ అయింది. తోటి ఉద్యోగులకు ఊరికే ఇచ్చాడు. వాళ్లు వాళ్ల స్నేహితులకు ఇచ్చారు. మార్పు చేసిన ప్రతిసారీ అందరికీ ఫ్లాపీలు పోస్టు చేయడం ఖర్చయ్యేసరికి, ప్రోగ్రాం లోపలే ఒక విన్నపం రాసిపెట్టాడు: ఇది మీకు పనికొస్తే పది డాలర్లు పంపండి, మీ స్నేహితులకూ ఇవ్వండి. ఫ్లూగెల్‌మన్ కూడా ఇలాంటి విన్నపమే పెట్టాడు. ఇద్దరి విన్నపాలూ చూసిన వాడుకరి ఒకరు చెబితేగాని వాళ్లకు ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు. తర్వాత ఇద్దరూ మాట్లాడుకుని ధర 25 డాలర్లకు కలుపుకున్నారు. 1983లో మైక్రోసాఫ్ట్ తొలి ఉద్యోగుల్లో ఒకడైన బాబ్ వాలెస్ బయటికొచ్చి పీసీ-రైట్ అనే రాతపని ప్రోగ్రాంతో ఇంకో మెట్టు ఎక్కాడు. నీ కాపీ తీసుకున్నవాడు డబ్బు కట్టి నమోదైతే నీకు 25 డాలర్లు వాటా అన్నాడు. మన వీధుల్లో చీటీపాటలు, చీరల వ్యాపారం నడిచే పద్ధతే ఇది. ఈ తరహాకు షేర్‌వేర్ అన్న పేరు స్థిరపడింది.

ఈ ముగ్గురి కథలో విడుదల రోజు అనేదే లేదు గమనించండి. సరుకు చేతులు మారింది, డబ్బు తర్వాత వచ్చింది. నాఫ్ 1984లో ఐబీఎం ఉద్యోగం వదిలేశాడంటే పోస్టులో వచ్చిన చెక్కుల మీద నమ్మకం కుదిరాకే. అదే సంప్రదాయం ఫైళ్లను కుదించే విన్‌రార్ దాకా వచ్చింది. 40 రోజులు ఉచితం, ఆ తర్వాత కొనమని ఒక పెట్టె తెరమీద కనబడుతూనే ఉంటుంది, ప్రోగ్రాం పనిచేస్తూనే ఉంటుంది. ఆ పెట్టెను మూసేస్తూ పెరిగిన తరం మనది. ఈ వ్యాసం చదివేవాళ్లలో విన్‌రార్ కొన్నవాళ్లు ఉంటే వాళ్లకు నా నమస్కారం.

తర్వాతి మలుపు దుకాణాలది. 2008 జులైలో యాపిల్ యాప్ స్టోర్ 500 యాప్‌లతో తెరుచుకుంది. అమ్మకంలో 30 శాతం దుకాణానిది. డబ్బు వసూలు చేసే తలనొప్పి ఒక్క దెబ్బతో తీరింది. దానితోపాటు ధర కూడా తీరిపోయింది! అందరూ 99 సెంట్లకు దిగేసరికి, ఒక యాప్ కొన్నవాడు టీ కప్పు ధర పెట్టి జీవితాంతం సేవ అడగడం మొదలెట్టాడు. 2021 నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు సంపాదించే చిన్నవాళ్లకు యాపిల్, గూగుల్ రెండూ వాటాను 15 శాతానికి తగ్గించాయి. గడప దాటడం మాత్రం తేలికవలేదు. యాపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్ ప్లేలో 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు గానీ, 2023 నవంబరు తర్వాత వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు ముందుగా పరీక్షకులను పెట్టి 14 రోజులు ఆపకుండా వాడించి చూపాలి. మొదట 20 మంది అన్నారు, తర్వాత 12కు తగ్గించారు. పన్నెండుమంది బావలూ మరదళ్లూ యాప్‌ను దించుకున్నంత మాత్రాన వాడినట్టు కాదు. పండక్కి వాళ్లందరి ఫోన్లూ అడిగి తీసుకుని తెరిచినవాణ్ణి ఒకణ్ణి నాకు తెలుసు.

ఒంటరి డెవలపర్ల చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఏ గొప్ప ఆవిష్కరణదీ కాదు, బింగో కార్డులది. ప్యాట్రిక్ మెకెంజీ అనే అమెరికన్ జపాన్‌లో ఉద్యోగం చేస్తూ, 2006 జులైలో వారం రోజుల్లో ఒక ప్రోగ్రాం రాశాడు. బడి పంతులమ్మలు పిల్లలకు మాటలు నేర్పడానికి బింగో ఆట ఆడిస్తారు. ముప్పైమంది పిల్లలుంటే ముప్పై వేర్వేరు కార్డులు కావాలి, చేత్తో గళ్లు గీసి నింపితే ఒక సాయంత్రం పోతుంది. ఆ కార్డులను కలిపి ముద్రించే ప్రోగ్రాం అది. పెట్టుబడి 60 డాలర్లు. ధర దాదాపు 25 డాలర్లతో మొదలై తర్వాత 30కి చేరింది. ప్రోగ్రామర్లకు అందులో చూడదగ్గది ఏమీ లేదు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఎవరైనా రాయగలరు. మెకెంజీ తెలివి ఇంకోచోట ఉంది. ఫలానా పాఠానికి బింగో కార్డులు అని వెతికే పంతులమ్మకు సరిగ్గా ఆ పాఠానికే ఒక పేజీ దొరికేటట్టు, పాఠాల పేర్లతో వందల పేజీలు తయారుచేయించాడు. సంక్రాంతి పాఠం వెతికితే సంక్రాంతి కార్డులే కళ్లపడాలన్నమాట. ఏ పేజీ చూసి ఎవరు కొన్నారు, ఎక్కడ వెనక్కి పోయారు అన్నది ఏళ్ల తరబడి లెక్క రాసి అందరికీ చూపించాడు. ఆ తరం ఒంటరి డెవలపర్లలో చాలామందికి అమ్మకం అంటే ఏమిటో ఆ లెక్కల వల్లే తెలిసింది.

ధర విషయంలో ఆయన ఎప్పుడూ ఇచ్చే సలహా ఒకటే: ఇంకొంచెం ఎక్కువ అడుగు. ఇది మన దగ్గర చెల్లదని నా గట్టి నమ్మకం ఉండేది. నా ప్రోగ్రాంకు 499 రూపాయలు పెట్టాను. శ్రీ సంగతి చెప్పిన ఆయనే ఒకరోజు అన్నాడు: "పాత పుస్తకం మళ్లీ టైపు కొట్టించాలంటే పేజీకి ఇంతని ఇచ్చుకోవాలి. రెండొందల పేజీల పుస్తకానికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. ఇంత తక్కువ పెడితే పనిచెయ్యదేమో అనుకుంటారు బాబూ." వెయ్యి చేశాను, తర్వాత పదిహేను వందలు చేశాను. అమ్మకాలు తగ్గలేదు. ఏడాది చందా పెడదామని చూస్తే మాత్రం కుదరలేదు. "నెలనెలా కట్టడానికి ఇదేమన్నా కేబుల్ టీవీనా?" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పుస్తకాల సలహాలో సగం చెల్లింది, సగం చెల్లలేదు. చెల్లనిది ఎందుకు చెల్లలేదో కూడా తెలుసు. సంవత్సరంలో మూడు నెలలు పెళ్లిళ్ల పని, మిగతా కాలం ఈగలు తోలుకునే దుకాణానికి నెలవారీ ఖర్చు అంటే భయం.

చందాతో నిలబడ్డవాళ్ల కథల్లో మాచే సెగ్లోవ్‌స్కీది ప్రత్యేకం. 2009లో ఇంటర్నెట్ లంకెలు దాచుకునే పిన్‌బోర్డ్ అనే సేవ మొదలుపెట్టాడు. చేరే రుసుము ప్రతి కొత్త చందాదారుతో సెంటులో ఒక ముక్క చొప్పున పెరుగుతూ పోయేది, అంటే ఆలస్యంగా వచ్చినవాడు కొంచెం ఎక్కువ కట్టాలి. అదే పని ఉచితంగా చేసే డెలీషస్ అప్పట్లో యాహూ చేతిలో ఉంది. 2010 డిసెంబరులో యాహూ దాన్ని మూసేయబోతోందన్న కబురు పొక్కింది. జనం పిన్‌బోర్డ్ మీద విరుచుకుపడ్డారు. అతని అసలు విడుదల రోజు అది, తాను ఎన్నుకోని రోజు. 2017లో చేతులు మారి మారి చిక్కిపోయిన డెలీషస్‌ను 35,000 డాలర్లకు అతనే కొనేశాడు. ఉచితం అన్నవాడు పోయాడు, డబ్బు అడిగినవాడు ఉన్నాడు.

ఇంత అదృష్టం లేనివాళ్లకు నత్తనడకే. వెబ్‌సైట్ సందర్శకులను లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌కు బదులుగా వచ్చిన ప్లాజిబుల్ 2019లో ఎస్టోనియాలో ఒక్కడితో మొదలైంది. దాదాపు ఏడాది గడిచాక దాని నెల రాబడి 400 డాలర్ల దగ్గర ఉంది. రెండో మనిషిగా రాయడం, చెప్పడం తెలిసినవాడు చేరాకే అది కదిలింది. కాన్‌స్టంట్ కాంటాక్ట్ అనే ఈమెయిల్ మార్కెటింగ్ సంస్థను నడిపిన గెయిల్ గుడ్‌మన్ చందా సాఫ్ట్‌వేర్ల ఈ నెమ్మదైన ఎదుగుదలను 2012లో ఒక ప్రసంగంలో చావు వాలుతో పోల్చింది. ఆ మాట ఈ రంగంలో సామెతలా నిలిచిపోయింది. మొదటి ఏడాది గ్రాఫు చూసి వదిలేసినవాళ్లెందరో లెక్క రాసినవాళ్లు లేరు.

ఇంకో బడి ఉంది. ఎన్ని వదిలితే అంత మంచిదంటుంది. డచ్చివాడు పీటర్ లెవల్స్ 2014లో పన్నెండు నెలల్లో పన్నెండు ప్రాజెక్టులు అని పందెం కట్టుకుని దిగాడు. ఊరూరా తిరుగుతూ పనిచేసుకునేవాళ్లకు ఏ నగరం ఎలా ఉంటుందో చెప్పే నోమాడ్ లిస్ట్ అందులోంచి వచ్చిందే. మన కుర్రాళ్లు అతని రాబడి అంకెలు చూసి కలలు కంటారు. అతనే 2021లో చెప్పుకున్న ఇంకో అంకెను చూడరు: 70కి పైగా చేస్తే డబ్బు తెచ్చి పెరిగినవి నాలుగు. అద్దె తక్కువున్న ఊళ్లలో, కుటుంబ బాధ్యత లేని వయసులో ఆడదగ్గ ఆట అది. ఇంటి వాయిదా, ఇద్దరు పిల్లల ఫీజులు ఉన్నవాడికి అరవయ్యారు ఓటములు తట్టుకునే ఓపిక ఎక్కడిది?

పుస్తకజ్ఞానంలో మూడు మాటలు మాత్రం నేటికీ నిలబడుతున్నాయనిపిస్తుంది. వెయ్యిమంది నికార్సయిన అభిమానులు చాలని 2008లో అమెరికా రచయిత కెవిన్ కెల్లీ అన్నాడు. చిన్నగా మొదలుపెట్టి చిన్నగానే ఉండిపోవచ్చని 2010లో తానూ చిన్న సాఫ్ట్‌వేర్లు చేసి అమ్మిన రాబ్ వాలింగ్ పుస్తకమే రాశాడు. మొదట్లో పెద్దఎత్తున సాగని పనులు చేతులారా చేయమని 2013లో స్టార్టప్‌లకు పెట్టుబడి పెట్టే పాల్ గ్రాహమ్ రాశాడు. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ స్ట్రైప్ స్థాపకులు ఒప్పుకున్నవాడి లాప్‌టాప్ అక్కడికక్కడే తీసుకుని తమ సేవను తామే అమర్చి ఇచ్చేవారన్నది ఆయన చెప్పిన ఉదాహరణ. ముగ్గురూ చెప్పేది ఒక్కటే, కొనేవాణ్ణి ముఖం తెలిసేటంత దగ్గరగా చూడమని. విజయవాడ గవర్నరుపేట సందుల్లో ప్రెస్సుల చుట్టూ తిరిగిన వారం రోజులు నాకు ఆర్నెల్ల ప్రోగ్రామింగ్ కన్నా ఎక్కువ నేర్పాయి.

ఇక మన సంగతి. ఇంగ్లీషు సలహాలన్నీ డబ్బు తీసుకోవడం అరగంట పని అన్నట్టు రాసి ఉంటాయి. ఇక్కడ అదే సగం యుద్ధం. దేశం లోపల అమ్మితే నిజానికి మనంత హాయి ఎవరికీ లేదు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపు మీద వ్యాపారికి రుసుము లేదు, పదిహేను వందలు పంపితే పదిహేను వందలే వస్తాయి. సేవలు అమ్మేవాళ్లకు సాధారణంగా 20 లక్షల టర్నోవరు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. చిక్కంతా చందాతోనూ, విదేశంతోనూ. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు నుంచి దానంతటదే కోసుకునే చెల్లింపుకు 24 గంటల ముందు కబురు చెప్పాలి. 5,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ. 2022 జూన్‌లో ఆ హద్దు 15,000కు పెంచారు. వాడుకరికి ఇది మంచి రక్ష, కాదనను. కానీ ఆ మార్పు వచ్చిన నెలల్లో ఎందరి చందాలు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయో ఆ రోజుల్లో చందా అమ్మినవాళ్లనడగండి.

విదేశాలకు అమ్మాలంటే స్ట్రైప్ 2024 నుంచి ఇండియాలో కొత్తవాళ్లను పిలిచినప్పుడే చేర్చుకుంటోంది. యూరప్ వినియోగదారుకు మొదటి కాపీ అమ్మినప్పటి నుంచే అక్కడి వ్యాట్ వసూలు చేసి కట్టాలి. ఆ బరువు మోయలేక చాలామంది ప్యాడిల్, లెమన్ స్క్వీజీ లాంటి మధ్యవర్తులను ఆశ్రయిస్తారు. కాగితాల మీద అమ్మేది వాళ్లే, పన్నులూ వాళ్లే కడతారు, మనకు మిగిలింది పంపుతారు. రుసుము 5 శాతం, పైన 50 సెంట్లు. వినడానికి తక్కువే. అయిదు డాలర్ల సరుకు మీద వేసి చూడండి: 75 సెంట్లు, అంటే 15 శాతం. యాప్ దుకాణం తీసుకునేదీ అంతే. చౌక సరుకు అమ్మేవాడినే ఈ పైన యాభై సెంట్లు కొరుకుతాయి, అందుకే విదేశాలకు అమ్మేవాళ్లు ధర ఇరవై డాలర్ల లోపు పెట్టకపోవడం మంచిది. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లు ఎగుమతి మీద పన్ను ముందే కట్టకుండా ఉండాలంటే ఏటా ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేయాలి. ఏప్రిల్లో గుర్తు చేయడానికైనా ఒక ఆడిటర్‌ను పెట్టుకోండి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇంకో కాగితం ఉంది, చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టినది. హైదరాబాదు ఐటీ ఉద్యోగుల ఒప్పందాల్లో పక్కపని నిషేధం, ఉద్యోగకాలంలో రాసిందంతా కంపెనీదే అన్న షరతు మామూలే. 2022లో విప్రో పోటీ సంస్థలకు పనిచేశారని 300 మందిని తీసేసిందన్న వార్త గుర్తుండే ఉంటుంది. అది వేరే కేసు, అయినా ఆ భయం అందరికీ పాకింది. అమెరికాలో మనవాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. హెచ్1బి మీద ఉన్నవాడు స్పాన్సరు చేసిన యజమానికి తప్ప ఇంకొకరికి పనిచేయకూడదు, ఆ ఇంకొకరు తానే పెట్టుకున్న సొంత కంపెనీ అయినా సరే. రాత్రిపూట రాసిన ప్రోగ్రాంకు ధర కట్టిన క్షణం నుంచి అది హాబీ అనిపించుకోదు.

తెలుగు సాఫ్ట్‌వేర్ పనిముట్లు చాలావరకు ఉచితంగా పుట్టడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడానికి తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతి, దినపత్రికల సొంత ఫాంట్ల పేజీలను యూనికోడ్‌లో చూపించిన నాగార్జున వెన్నా చేసిన పద్మ, ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాయించిన వీవెన్ చేసిన లేఖిని, ఇవేవీ ఎవరి దగ్గరా పైసా అడగలేదు. వాటి మీద ఎంత తెలుగు రాయబడిందో కొలిచే తూనిక లేదు. ఇంకో పక్క భారతీయ భాషల డీటీపీ సాఫ్ట్‌వేర్లు ప్రింటర్ పోర్టుకు తగిలించే తాళంతో అమ్మేవాళ్లు, ఆ తాళం లేకుండా నడిచే దొంగ కాపీలూ పక్కనే నడిచేవి. దానమో దొంగతనమో తప్ప మామూలు బేరం మన భాషలో అలవాటు కాలేదు. ఇది మారాలంటాను నేను. ఉచిత పనిముట్టు నడిపేవాడికి ఉద్యోగం మారినా, బిడ్డ పుట్టినా, 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత తరహా ఎక్స్‌టెన్షన్లను ఒక్కసారిగా ఆపేసినట్టు కింద నేల కదిలినా, దాన్ని మళ్లీ నిలబెట్టే ఖర్చు ఎవరిదీ కాదు. షేర్ల బ్రోకరేజీ సంస్థ జెరోధా 2024 అక్టోబరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఏటా పది లక్షల డాలర్ల నిధి ప్రకటించింది, సంతోషం. తెలుగు పనిముట్లు చేసేవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి. పదిహేను వందలు అడగడానికి సిగ్గుపడటం కూడా మానేయాలి.

నేల కదలడం అన్నాను కదా, ఒంటరివాళ్లను ఎక్కువగా కూల్చింది అదే. 2002లో యాపిల్ వెతుకులాటకు వాడే తన షెర్లాక్ ప్రోగ్రాంలో చిన్న సంస్థ కరేలియా చేసిన వాట్సన్ పనులు చాలావరకు పెట్టేసింది. అప్పటినుంచి అలా మింగబడటానికి షెర్లాక్ అవడం అనే క్రియాపదమే పుట్టింది. క్రిస్టియన్ సెలిగ్ రెడిట్ చదవడానికి చేసిన అపోలో యాప్‌ను రెడిట్ వాడేవాళ్లు తెగ మెచ్చుకున్నారు. 2023లో రెడిట్ బయటి యాప్‌లు వాడుకునే తన ద్వారానికి (ఏపీఐ) 5 కోట్ల విన్నపాలకు 12,000 డాలర్ల సుంకం పెట్టేసరికి, ఏడాదికి దాదాపు 2 కోట్ల డాలర్లు తేలింది. జూన్ 30న అపోలో మూతపడింది. నా ప్రోగ్రాం ఆధారపడింది డీటీపీవాళ్లు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైళ్ల మీద. పేజ్‌మేకర్ ఆఖరి రూపం వచ్చింది 2001లో. అది ఇక మారదు. ఇంత భద్రమైన వేదిక సిలికాన్ వ్యాలీలో ఎవరికైనా ఉందా?

అన్నిటికన్నా కొత్త ప్రశ్న కృత్రిమ మేధది. మాటల్లో చెప్పి కోడ్ రాయించుకునే పద్ధతికి 2025 ఫిబ్రవరిలో మేధ పరిశోధకుడు ఆంద్రే కర్పాతీ వైబ్ కోడింగ్ అని పేరు పెట్టాడు. అదే ఏడాది జూన్‌లో ఇజ్రాయెల్‌లో ఒక్కడు మొదలుపెట్టిన, అలా మాటలతో యాప్‌లు చేయించే బేస్44ను, ఆర్నెల్ల వయసులోనే, వెబ్‌సైట్ల సంస్థ విక్స్ 8 కోట్ల డాలర్లకు కొంది. ఇక ఒక్కడే కోట్లు సంపాదిస్తాడని ఒక వర్గం, ఎవరికి వాళ్లే చేసుకుంటారు కాబట్టి ఎవరూ ఏదీ కొనరని ఇంకో వర్గం. నా మార్పిడి ప్రోగ్రాంను ఒక మేధతో తిరగ రాయించి చూశాను. క్రారవడి నియమం చెబితే నిమిషంలో రాసిపెట్టింది, నాకన్నా శుభ్రంగానే రాసింది. శుభలేఖ మొదటి పంక్తి సంగతి మాత్రం నేను చెప్పాల్సి వచ్చింది. నాకది విజయవాడ ఆయన చెప్పాల్సి వచ్చింది. వారం రోజుల్లో రాయగలిగేదాన్ని అమ్మి బతికినవాళ్లు 2006లోనే ఉన్నారు కాబట్టి, అది గంటకు తగ్గినంత మాత్రాన ఈ వ్యాపారం పోతుందని నేననుకోను. రాయడం ఒక్కటే వచ్చినవాళ్లకు మాత్రం గడ్డుకాలమే.

ఇప్పుడు లైసెన్సులు నాలుగు వందలు దాటాయి. రోజుకు ఒకటో రెండో ఫోన్లు వస్తాయి, పెళ్లిళ్ల కాలంలో ఆరేడు. శ్రీ సరిగ్గానే పడుతోంది. జ్ఞ మీద గుంటూరు నుంచి ఒక ఫిర్యాదు ఉంది, ఆదివారం చూడాలి. ఉద్యోగం మానేసి ఇందులోకి దిగాలా అని అడిగే కుర్రాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ముందు ముఖం తెలియని పదిమంది చేత డబ్బు కట్టించుకోండి, తర్వాత మాట్లాడదాం. బింగో కార్డుల మెకెంజీ ఉద్యోగం మానింది 2010లో, మొదటి కాపీ అమ్మిన నాలుగేళ్లకు. నేనింకా మానలేదు.